ఉన్నత పాఠశాలలో చరిత్ర పఠన మేల?

చరిత్ర యనగా నేమని ఉన్నత పాఠశాల విద్యార్థి నడిగినచో, రాజుల పేర్లును, యుద్ధములు జరిగిన సంవత్సరములును కంఠస్థము చేయుట యని వెంటనే చెప్పును. ఆ సమాధానమునకు విద్యార్థిని నిందింప బనిలేదు. పరీక్షలో అతనిని అడుగునది ప్రాయికముగ నదియే. పరీక్ష ముగిసిన కొలది దినములకే ఆ పేర్లును, ఆ సంవత్సరములును మఱపున బడును. అప్పుడు తల్లిదండ్రుల కొక సందేహము పొడమును. మఱచిపోవుటకే చదువు ఈ పాఠమునకు ఇంత కాల మేల వెచ్చింపవలెను? ఆ వేళను గణితమునకో ఇంగ్లీషునకో ఇచ్చినచో బిడ్డకు నాలుగు మెతుకులు సంపాదించు దారి దొరకదా?

ఈ సందేహము త్రోసివేయదగినది కాదు. రెక్కలు ముక్కలు చేసికొని బిడ్డలను చదివించువారు ప్రతి పాఠమునకును ప్రయోజన మడుగుట న్యాయము. కాని చరిత్ర పాఠము వలన కలుగవలసిన ఫలము పేర్ల పట్టికలో లేదు. ఒక మాట విన్నప్పుడు ‘ఇది నిజమని యెట్లు తెలిసినది?’ అని యడుగు నలవాటే దాని ముఖ్యఫలము. ఒకరి సాక్ష్యమును మఱియొకరి సాక్ష్యముతో సరిచూచుట, తెలిసినదానిని ఊహించినదాని నుండి వేఱుపఱచుట, క్రొత్త యాధారము దొరకినప్పుడు పాత యభిప్రాయమును విడనాడుట, ఇవి ఆ యలవాటులోని యంగములు. గణితము సంఖ్యలతో వ్యవహరించును. భౌతికశాస్త్రము ప్రకృతితో వ్యవహరించును. మనుష్యులు చెప్పిన మాటలను, వ్రాసిన వ్రాతలను తూచి చూచు విద్యను బాలబాలికలకు నేర్పుట ముఖ్యముగ చరిత్ర పాఠమునకు చెందిన పని.

ఈ పనికి గల గడువు మిక్కిలి స్వల్పము. తెలుగు రాష్ట్రములు రెంటియందును పదవ తరగతి వరకు చరిత్ర సాంఘిక శాస్త్రములో నొక భాగము. భూగోళ, పౌర, ఆర్థిక శాస్త్రములు దానితో కలిసి యుండును. ఇంటర్మీడియెట్టులో గణిత, భౌతిక, రసాయన శాస్త్రములు గైకొన్నవారికి చరిత్ర లేదు. జీవశాస్త్రములు గైకొన్నవారికిని లేదు. పదవ తరగతితో చదువు చాలించి పొలమునకో, చేతిపనికో పోవువారి సంగతి వేఱుగ చెప్ప నక్కఱలేదు. ఇట్లు అనేకులకు పదునైదు, పదునాఱేండ్ల ప్రాయముననే చరిత్రతో ఋణము తీరిపోవును. 1989 నుండి మన దేశమున ఓటు హక్కు వయస్సు పదునెనిమిది సంవత్సరములు. చరిత్ర పుస్తకము మూసివేసిన రెండు మూడేండ్లకే ఆ యువకుడు దేశభవిష్యత్తును గూర్చి తీర్పు చెప్పు వాడగుచున్నాడు. అతని యెదుట నిలిచి మాటలాడు ప్రతివాడును చరిత్ర పేరు చెప్పియే మాటలాడును. ఆ మాటలను తూచుటకు అతని చేతనున్న త్రాసు ఉన్నత పాఠశాలలో లభించినదే గాని వేఱొకటి లేదు.

చరిత్ర మన పాఠశాలలలో ప్రవేశించిన విధము నెఱిగినచో నేటి లోపము కొంత బోధపడును. 1854లో చార్లెస్ వుడ్ పంపిన విద్యా తాకీదు పిమ్మట ప్రభుత్వ సహాయము పొందు పాఠశాలలు హెచ్చినవి. 1857లో చెన్నపట్టణమున విశ్వవిద్యాలయ మేర్పడెను. ఉన్నత పాఠశాలలు ఆ విశ్వవిద్యాలయపు ప్రవేశపరీక్షకు బాలురను సిద్ధపఱచు సాధనము లాయెను. ఆ చదువు ఇంగ్లీషు భాషలో సాగెను. ఇంగ్లండు నేలిన రాజవంశములను వరుసగా నొప్పజెప్పగల బాలునకు ఓరుగంటి ప్రభువులను గూర్చి తన భాషలో చదువుకొనుటకు సమగ్రమైన గ్రంథము దుర్లభముగ నుండెను. అర్థముకాని భాషలో అన్యదేశపు సంగతులు నేర్చువానికి కంఠపాఠము తప్ప వేఱు మార్గ మేమున్నది? ఆనాడు పడిన అలవాటు భాషయు, పాఠ్యాంశములును మాఱిన పిదప సైతము పోలేదు.

ఆ లోటును తీర్చుటకు పూనుకొన్నవి పాఠశాలలు కావు. గ్రంథాలయములును, గ్రంథమండలులును ఆ భారమును వహించినవి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపితమైనది. 1906లో కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారి ప్రేరణతో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి వెలసి, చరిత్రలను, శాస్త్రగ్రంథములను సులభమైన తెలుగున ప్రకటించెను. 1910లో చిలుకూరి వీరభద్రరావుగారి ‘ఆంధ్రుల చరిత్రము’ ప్రథమభాగము వెలువడెను. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడి గ్రామగ్రామమునకు పుస్తకములను చేర్చు నుద్యమమును నడపెను. నైజాము రాజ్యమున ఉన్నత విద్య ఉర్దూ భాషలో సాగుచుండగా, లక్ష్మణరావుగారి స్మారకముగ నేర్పడిన లక్ష్మణరాయ పరిశోధకమండలి 1935లో ‘తెలంగాణా శాసనములు’ ప్రకటించెను. బడిలో దొరకని చరిత్ర తెలుగువారికి గ్రంథాలయముల ద్వారముననే లభించినది.

స్వాతంత్ర్యానంతరము డాక్టరు లక్ష్మణస్వామి మొదలియారు అధ్యక్షతన 1952-53లో పనిచేసిన మాధ్యమిక విద్యా సంఘము చరిత్ర, భూగోళము, పౌరశాస్త్రము మొదలగువానిని విడివిడిగా గాక ‘సాంఘిక పాఠ్యములు’ అను నొక్క విషయముగ బోధింపవలెనని సూచించెను. విద్యార్థి తాను జీవించు సంఘమును ముక్కలుగా గాక మొత్తముగ చూడవలె నని వారి యాశయము. ఆ యాశయము మంచిదే. అయినను నాలుగు శాస్త్రములు ఒక్క పుస్తకములో నిమిడినప్పుడు చరిత్రకు మిగులు పుటలు కొలదియే. పుటలు తగ్గినప్పుడు మొదట జాఱిపోవునవి ఆధారములు. నిర్ణయములు మాత్రము నిలుచును. ‘ఇట్లు జరిగెను’ అను వాక్యము పుస్తకములో నుండును. ‘ఇట్లు జరిగెనని యెట్లు తెలిసినది’ అను వాక్యము ఉపాధ్యాయుడు చెప్పిననే గాని తెలియదు.

దీనికి ఒక ఉదాహరణము చాలును. రుద్రమదేవి గణపతిదేవ చక్రవర్తి కుమార్తె యనియు, 1289 వరకు ఓరుగల్లు రాజధానిగ పాలించె ననియు నేటి విద్యార్థి చదువును. ఈ చిన్న వాక్యములోని రెండు ముక్కలను విప్పి చూచినచో చరిత్ర యను విద్య యంతయు అందు కనబడును.

మొదటిది ‘కుమార్తె’ యను మాట. వెనిసు నగరపు యాత్రికుడు మార్కో పోలో పదుమూడవ శతాబ్దాంతమున తూర్పుదేశములు సంచరించి తాను కన్నవియు విన్నవియు చెప్పి వ్రాయించెను. అందులో మోటుపల్లి రేవు గల రాజ్యమును వర్ణించుచు, అచ్చటి సన్నని వస్త్రములను, వజ్రములను ప్రశంసించెను. ఆ రాజ్యము నేలునది యొక రాణి యనియు, ఆమె న్యాయము తప్పని వివేకవతి యనియు కొనియాడెను. అయితే ఆమె మరణించిన రాజునకు భార్య యని చెప్పెను. మనకు ఆ యాత్రికుని గ్రంథ మొక్కటియే మిగిలి యుండినచో నేటికిని రుద్రమదేవిని గణపతిదేవుని భార్యగనే యెంచుచుందుము.

మన భాగ్యవశమున రాళ్లు మిగిలినవి. కృష్ణానదికి దక్షిణమున, మందడమునకు సమీపమందలి మల్కాపురమున 1261 నాటి శాసన మొకటి కలదు. విశ్వేశ్వర శివాచార్యునకు తన తండ్రి యీయ సంకల్పించిన గ్రామమును, దానితోపాటు వెలగపూడిని రుద్రమదేవి దానమిచ్చినట్లు అందు కలదు. ఆమె గణపతిదేవుని పుత్రిక యని ఆ కాలపు సాక్ష్యమే చెప్పుచుండగా, దూరదేశపు యాత్రికుడు రేవులో విన్న మాట నిలువజాలదు. అంతమాత్రమున మార్కో పోలో అసత్యవాది యని త్రోసివేయ రాదు. స్త్రీ పాలించు చుండె ననుట సత్యము. రేవు వ్యాపారమును గూర్చి యతడు చెప్పినది విలువ గలది. బంధుత్వము విషయమున మాత్రము పొరపడెను. ఒకే సాక్షి యొక సంగతి సరిగను, వేఱొక సంగతి తప్పుగను చెప్పవచ్చు నని తెలిసికొన్న బాలుడు పెద్దవాడై పంచాయతీలో కూర్చున్నప్పుడు ఆ తెలివి వానికి అక్కఱకు రాకపోదు.

రెండవది 1289 అను సంఖ్య. పూర్వపు గ్రంథములలో రుద్రమదేవి పాలన 1295 ప్రాంతము వరకు సాగె నని వ్రాయబడి యుండెను. నల్లగొండ జిల్లా నకిరేకల్లు సమీపమున చందుపట్ల యను గ్రామము కలదు. అచ్చటి శాసనము నొకదానిని పరిశోధకులు చదివి ప్రకటించిన పిమ్మట ఆ నిర్ణయము మాఱిపోయెను. పువ్వుల ముమ్మడి యను సేవకుడు, శివలోక ప్రాప్తి చెందిన రుద్రమదేవికిని, మల్లికార్జున నాయకునకును పుణ్యముగ దేవునకు భూమి నిచ్చినట్లు అందు కలదు. శాసనకాలము శకవర్షము 1211, విరోధి నామ సంవత్సరము, మార్గశీర్ష మాసము. అది 1289 నవంబరు 27వ తేదీకి సరిపోవును. మహారాణి మరణకాలమును నిర్ణయించినది రాజాస్థానపు కవి కాదు, విదేశ యాత్రికుడు కాదు. ఒక పల్లెటూరి రాయి, ఒక సేవకుని భక్తి, ఆ రెండును చాలినవి.

ఆమె యెట్లు మరణించిన దని అడిగినచో ఆ శాసనము మౌనము వహించును. సేనానియైన మల్లికార్జున నాయకుడును ఆమెయు నించుమించుగ నొక్క కాలమున మరణించుటను బట్టి, ఆ దినములలో తిరుగుబాటు చేసిన కాయస్థ అంబదేవునితో జరిగిన యుద్ధమున వారు మడిసి యుందు రని చరిత్రకారులు ఊహించిరి. ఆ యూహకు బలము గలదు. అయినను అది యూహయే. మరణకాలము శాసనము చెప్పినది. మరణకారణము పండితులు తలచినది. ఈ రెంటి నడుమ గల గీతను తొమ్మిదవ తరగతిలోనే చూపగలిగినచో ఆ విద్యార్థి జీవితమంతయు దానిని మఱవడు. సినిమాలో రుద్రమదేవిని చూచినను, నాటకములో చూచినను, ఎంతవరకు తెలిసినదో ఎచ్చట కల్పన మొదలైనదో తానే గ్రహించి, కల్పనను కల్పనగ ఆనందించును.

సంవత్సరముల లెక్క సైతము కంఠపాఠము చేసిననే విసుగు. చేతితో చేసి చూచినచో వినోదము. శకవర్షమునకు డెబ్బదియెనిమిది కలిపినచో ఇంగ్లీషు సంవత్సరము వచ్చును. పుష్య, మాఘ, ఫాల్గున మాసములలో మాత్రము ఒకటి హెచ్చు కావచ్చును. 1211కు 78 కలిపిన 1289. ప్రభవ మొదలు అక్షయ వరకు గల యఱువది సంవత్సరములలో విరోధి యిరువదిమూడవది. కేవలము విరోధి సంవత్సర మని మాత్రమే యున్నచో, అఱువదేండ్ల కొకసారి తిరిగి వచ్చు ఆ పేరు వలన ఏ విరోధియో తెలియదు. శకసంఖ్య ఉన్నందున సంశయము తీరినది. సంఖ్యయు, పేరును ఒకదానికొకటి సాక్ష్యముగ నిలిచినవి. లెక్కల పాఠమును చరిత్ర పాఠమును ఇచ్చట చేయి కలుపుచున్నవి.

ఈ పద్ధతి రాజుల సంగతులకే పరిమితము కాదు. పల్లెలలో వృద్ధులు ధాత కరువును గూర్చి తమ పెద్దలు చెప్పిన మాటలు చెప్పుచుందురు. గుంటూరు ప్రాంతమున నందన కరువు, దానికే డొక్కల కరువు అను మాట వినవచ్చును. ధాత 1876లో వచ్చినది. మరల 1936లో వచ్చినది. కరువు ఏ ధాతలో వచ్చినది? 1876-78లో దక్షిణ దేశమును మహాక్షామము పీడించిన దని ప్రభుత్వ పత్రములు చెప్పుచున్నవి. నందన కరువు 1832-33 నాటిది. అవ్వ చెప్పిన మాటయు, పుస్తకములోని మాటయు కలిసిన చోట విద్యార్థి కన్నులు విప్పారును. తన యిల్లు చరిత్రకు వెలుపల లేదని అతనికి తోచును. అంబలి లేక వలసపోయిన కుటుంబములు, విత్తనపు గింజలను తినివేసిన రైతులు, గంజికేంద్రములు, ధాన్యపు ధరలు, ఇవి యన్నియు యుద్ధముల కంటె తక్కువ చరిత్ర కావు.

ఈ సత్యమును తెలుగువారికి విశదముగ చెప్పినవాడు సురవరము ప్రతాపరెడ్డి. 1949లో వెలువడిన ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాజుల జయాపజయములను ప్రక్కకు నెట్టి, జనులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి, ఏ పన్నులు చెల్లించిరి అని ప్రశ్నించెను. తెలుగున సాహిత్య అకాడమీ బహుమానము మొదట పొందిన గ్రంథ మదియే. మల్కాపుర శాసనమును ఈ దృష్టితో మరల చదివినచో రాణి పేరు కంటె గొప్ప సంగతులు కనబడును. దానమిచ్చిన గ్రామముల యాదాయము నుండి విద్యార్థులకును, ఆరోగ్యశాలకును, ప్రసూతిశాలకును, అన్నసత్రమునకును భాగములు కేటాయింపబడినవి. ఏడువందల యేండ్లకు పూర్వము ఒక పల్లెలో కాన్పుల కొఱకు ప్రత్యేకముగ నొక శాల యుండె ననుట ఏ విద్యార్థినికి ఆశ్చర్యము కలిగింపదు? నేడు ఆంధ్రప్రదేశ్ సచివాలయ మున్నది ఆ వెలగపూడిలోనే. పాలంపేటలో రామప్ప దేవాలయము నొద్ద రేచర్ల రుద్రుని 1213 నాటి శాసనము కలదు. ఆలయమునకు 2021లో ప్రపంచ వారసత్వ గౌరవము లభించినది. సమీపమున కాకతీయుల కాలపు చెఱువు నేటికిని పొలములకు నీరిచ్చుచున్నది. 2015లో తెలంగాణ ప్రభుత్వము చెఱువుల పునరుద్ధరణకు కాకతీయుల పేరే పెట్టినది. పూర్వులు చెఱువును ఆ చోటనే యేల త్రవ్విరి, వాగును ఎట్లు మళ్లించిరి అను ప్రశ్న చరిత్రయు నగును, వ్యవసాయమును నగును.

చరిత్రజ్ఞానము లేని చోట కలుగు నష్టము కంటికి కనబడదు. అందుచేతనే అది పెద్దది. పదునెనిమిదవ శతాబ్దాంతమున వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు అమరావతిలో నూతన పట్టణము కట్టుచు రాళ్ల కొఱకు దీపాలదిన్నె యను దిబ్బను త్రవ్వించిరి. చెక్కడపు పలకలు బయల్పడినవి. కొన్ని కట్టడములకు పోయినవి. కొన్ని సున్నపు బట్టీలలో కాలిపోయినవి. అది బౌద్ధుల మహాస్తూప మని అప్పుడెవ్వరికిని తెలియదు. కర్నల్ కాలిన్ మెకంజీ 1797 ప్రాంతమున దానిని చూచెను. 1816లో మరల వచ్చి మిగిలిన శిల్పములకు చిత్రములు వ్రాయించెను. 1845లో వాల్టరు ఇలియట్ త్రవ్వించిన పలకలు చెన్నపట్టణము చేరి, పిమ్మట సముద్రము దాటినవి. నేడు అవి లండనులోని బ్రిటిష్ మ్యూజియమున నున్నవి. ఆనాటివారిని నిందించుట సులభము. కాని ఆ పలకలపై గల బ్రాహ్మీలిపిని చదువగలవారు అప్పుడు లోకమున లేరు. జేమ్స్ ప్రిన్సెప్ ఆ లిపి రహస్యమును 1837లో గాని పూర్తిగ విప్పలేదు. నేడు అట్టి మిష లేదు. అయినను శాసనపు రాయి గోడ పునాదిలో కలిసిపోయినచో, వీరగల్లు బట్టలుతుకు బండ యైనచో, ఆ తప్పు తెలియనివారిది కాదు. తెలిసియు చెప్పనివారిది.

దీనికి మఱియొక ప్రక్క నాగార్జునకొండ నిలుచున్నది. 1926లో ఆ లోయలో పాతిన ప్రాచీన స్తంభమును గమనించి ప్రభుత్వమునకు తెలియజేసినవాడు సూరపరాజు వేంకటరామయ్య యను స్థానికోపాధ్యాయుడు. దానిపై పురావస్తు శాఖవారు వచ్చి చూచిరి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలుగులోనికి వచ్చెను. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. జలాశయము నిండిన పిమ్మట ఆ లోయ యంతయు మునుగ వలసి యుండెను. 1954 మొదలు 1960 వరకు విస్తారముగ త్రవ్వకములు జరిపి, దొరకిన శిల్పములను, శాసనములను కొండపైకి చేర్చిరి. కొన్ని కట్టడములను మరల పేర్చి నిలిపిరి. ఆ కొండ నేడు నీటి నడుమ ద్వీపము. ఒక బడిపంతులు రాతిని రాయిగ చూచి ప్రక్కనుండి పోయి యున్నచో ఆ చరిత్రలో ఎంత భాగము నీటి పాలయ్యెడిదో యోజింపవచ్చును. అమరావతికిని నాగార్జునకొండకును నడుమ గల భేదము ధనము వలన కలిగినది కాదు. చూచుట నేర్చిన కన్నుల వలన కలిగినది.

చరిత్ర పఠనము పగలను పెంచు ననియు, పాతగాయములను రేపు ననియు శంకించువా రున్నారు. కులమునకు కులమునకు, ప్రాంతమునకు ప్రాంతమునకు, మతమునకు మతమునకు కలహములు పెట్టుటకు చరిత్ర పేరు వాడబడిన మాట నిజమే. కాని ఆ కలహములకు పనికివచ్చునది సగము చరిత్ర. తమకు అనుకూలమైన సాక్ష్యమును గైకొని, ప్రతికూలమైనదానిని దాచుట వలన అది పుట్టును. రెండు ప్రక్కల సాక్ష్యములను విన నేర్చినవాడు కలహమునకు అంత సులభముగ చిక్కడు. నేడు చేతిలోని ఫోనునకు క్షణములో వచ్చు కథలో పాతబొమ్మ యొకటి, పెద్దసంఖ్య యొకటి, కోపము పుట్టించు మాట యొకటి యుండును. ఎవరు వ్రాసిరి, ఎప్పుడు వ్రాసిరి, వారి కెట్లు తెలిసినది, వేఱొకరు ఏమనిరి అను నాలుగు ప్రశ్నలు అడిగినచో ఆ కథలలో పెక్కు లచ్చటనే కూలును. ఆ నాలుగు ప్రశ్నలే చరిత్రకారుని పనిముట్లు. పదవ తరగతి ముగియునప్పటికి అవి ప్రతి విద్యార్థి చేతిలోను ఉండవలెను.

దీనికి ఉపాధ్యాయుడు పాఠ్యపుస్తకమును ప్రక్కన పెట్టవలసిన యవసరము లేదు. ప్రతి పాఠములోను ఒక్క వాక్యమును ఎన్నుకొని, ‘దీనికి ఆధార మేమి?’ అని తరగతిని అడిగిన చాలును. వారమున కొకసారి ఆ ప్రశ్న వేయు తరగతికిని, ఎన్నడును వేయని తరగతికిని సంవత్సరాంతమున కనబడు భేదము మార్కులలో కనబడకపోవచ్చును. పరీక్షలు వ్రాయించువారును ఆలోచింప వలసినది కలదు. శాసనపాఠములో నాలుగు పంక్తులను ముద్రించి, వానినుండి తెలియున దేమి, తెలియని దేమి అని యడుగు ప్రశ్న యొక్కటి ఉన్నను బోధనపద్ధతి మాఱును. ఎందుకన, బడి యెప్పుడును పరీక్ష వెంట నడచును.

గ్రామములకు ఈ పని క్రొత్తది కాదు. మెకంజీ కొలువులో కావలి వేంకట బొఱ్ఱయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య ఊరూర తిరిగి, కరణముల కవిలెలను, పెద్దల మాటలను, గుడి శాసనములను వ్రాసికొని సేకరించిరి. అవియే కైఫీయత్తులు. వానిలో చరిత్రయు కలదు, పుక్కిటి పురాణమును కలదు. రెండును కలిసి యుండుట చేతనే అవి ఉన్నత పాఠశాల విద్యార్థికి మంచి పాఠము. ఊరి పేరునకు చెప్పు కథ ఏ పాటిది, ఇనాము నిచ్చిన సంవత్సరము ఏ పాటిది అని జల్లెడ పట్టుట నేర్చుకొనవచ్చును. రెండువందల యేండ్లకు పూర్వము ఆ పని సర్వేయరు జనరలు కొలువువారు చేసిరి. నేడు ఆయా గ్రామముల బాలబాలికలే చేయగలరు.

ఇచ్చట గ్రామ గ్రంథాలయమునకు తగిన స్థానము కలదు. బడికి సంవత్సరమునకు ఒక పుస్తకము. గ్రంథాలయమునకు అనేక పుస్తకములు. ఒకే సంగతిని ఇద్దఱు చరిత్రకారులు ఇరు విధముల వ్రాసిన గ్రంథములు ప్రక్కప్రక్కల బీరువాలో నుండుటయే ఒక పాఠము. గుడి ముందఱి శాసనమునకు నకలు, చెఱువు తూము కట్టిన నాటి కాగితము, పాత పట్టాలు, పెండ్లి శుభలేఖలు, కరువునాటి ఉత్తరములు, తోలుబొమ్మలవారు పాడు కథలు, చేనేతవారి పద్దుపుస్తకములు, ఇవి యన్నియు ఇంటింట చెదలపాలగుచున్నవి. వాని ప్రతులను చేర్చి, ఎవరి యింట ఎప్పుడు దొరకినదో వ్రాసి భద్రపఱచుటకు ఒక అఱ చాలును. అందులో ఏది విలువైనదో నేడు తెలియకపోవచ్చును. చందుపట్ల రాతి విలువ దానిని చెక్కించిన ముమ్మడికిని తెలియదు.

ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయము తానును ఒక చరిత్రాధారమై యుండును. అందలి పుస్తకముల నమోదు పట్టిక, పుస్తకములు తీసికొన్నవారి చిట్టా, చందాదారుల జాబితా, సందర్శకుల అభిప్రాయముల పుస్తకము, ఇవి ఈ గ్రామము పావుశతాబ్ది కాలమున ఏమి చదివినదో, ఎవరు చదివిరో, ఏ సంవత్సరము స్త్రీల పేర్లు ఆ చిట్టాలోనికి వచ్చినవో, ఏ పుస్తకపు అట్టలు చిఱిగినవో చెప్పగల సాక్షులు. తొమ్మిదవ తరగతి విద్యార్థుల నలుగురి చేతికి ఆ చిట్టాల నిచ్చి, ఒక నెల గడువిచ్చి, ‘వీనివలన మన యూరిని గూర్చి తెలియున దేమి?’ అని యడిగినచో వారు వ్రాసి తెచ్చు పది పుటలు నిజమైన చరిత్ర యగును. అందు తప్పులుండవచ్చును. ఆ తప్పులను స్వర్ణోత్సవము నాటి విద్యార్థులు దిద్దుదురు. అందుకు వారికి ఆ చిట్టాలు మిగిలి యుండవలెను.